వంటింటి సిలికోన్: జిడ్డు వేరు, బంక వేరు

హౌరాలో బయలుదేరిన రైలు సుమారు 115 కిలోమీటర్లు నడిచి ఖరగ్‌పూర్ చేరుతుంది. అక్కడ దారులు చీలుతాయి. ఒకటి నాగపూర్ మీదుగా ముంబయికి, మరొకటి తూర్పు తీరం వెంట విశాఖపట్నం మీదుగా చెన్నైకి సాగిపోతాయి. పంతొమ్మిదవ శతాబ్దం ముగియవచ్చిన రోజులలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ కూడలిని నెలకొల్పింది. ఆ వెనుకనే పెద్ద వర్క్‌షాపు వెలసింది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు నేటికీ ఇక్కడ అధిక సంఖ్యలో ఉన్నవి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించేందుకు ఆమోదం తెలిపినప్పుడు ఈ ఊరి పేరే ముందుగా వినవచ్చినది.

ఈ పట్టణంలోని సుభాష్‌పల్లిలో సాయంకాలం నడిచివెళ్లేవారికి ఒక ఇంటి కిటికీలో నుంచి పొగలెత్తిన ఆవనూనె ఘాటు, పక్కింటి నుంచి ఇంగువ పోపు వాసన ఒకేసారి సోకుతాయి. వంటలు వేరు, నూనెలు వేరు. కాని ఇటీవలి కాలంలో అన్ని వంటిళ్లలోనూ ఒకే రకం పరికరాలు చేరినవి. మెత్తని అట్లకాడలు, నూనె పూసే కుంచెలు, ఇడ్లీ అచ్చులు, కేకు అచ్చులు, పసిపిల్లల చెంచాలు, కుక్కరు మూత రబ్బర్లు కూడా నేడు సిలికోన్‌తో తయారవుతున్నవి. వాటితోపాటు అన్ని ఇళ్లకూ ఒకే ఫిర్యాదు వచ్చినది. కొన్నాళ్లకు అవి చేతికి అంటుకుంటున్నవి. ఎంత కడిగినా ఆ గుణం పోవడం లేదు. ఇందుకు కారణమేమి? నివారణోపాయమేమి? ఈ వ్యాసంలో పరిశీలింతము.

ఒక మాట వద్ద ఆగిన అనువాదం

ఈ వ్యాసకర్త వృత్తి హిందీ నుంచి తెలుగులోకి అనువాదం. గృహోపకరణాల సంరక్షణను గురించిన ఒక చిన్న హిందీ కరపత్రాన్ని అనువదిస్తూండగా, సిలికోన్ అట్లకాడ ‘చిప్‌చిపా’ అవుతుందన్న వాక్యం ఎదురైనది. ఆలోచించక ‘జిడ్డు పడుతుంది’ అని వ్రాశాను. ప్రతిని చదివిన మా అమ్మ ఒప్పుకోలేదు.

“జిడ్డంటావేమిట్రా? జిడ్డయితే సబ్బుకు పోతుంది. ఇది బంక. నిన్నటి నుంచి తోముతున్నాను, పోతేనా?” అని తన అట్లకాడను నా చేతికిచ్చింది.

ఆ వేళ మా ఇంటికి వచ్చిన పక్కింటి మాసీమా కూడా దానిని వేలితో తాకి చూసి, “తేల్‌తేలే నొయ్, చొట్‌చొటే” అన్నది. నూనెగా ఉండడం కాదు, అంటుకోవడం అని ఆమె మాటకు అర్థం. హిందీలోనూ ‘చిక్‌నా’ వేరు, ‘చిప్‌చిపా’ వేరు. జారిపోయేదానికి ఒక మాట, పట్టుకొనేదానికి మరొక మాట మూడు భాషలలోనూ ఉన్నవి. ఆ భేదం తెలియనివాడను అనువాదకుడనైన నేనొక్కడనే!

ఈ భేదం మాటలకు మాత్రమే సంబంధించినది కాదు. అంతకు పూర్వమే మా ఇంట రెండు పరికరాలు పాడైనవి. మా నాన్నగారు వర్క్‌షాపులో పనిచేసినవారు. ఇనుముకు పట్టిన గ్రీజును కిరసనాయిలు గుడ్డతో తుడవడం వారికి అలవాటు. అదే పద్ధతిలో ఒక అట్లకాడను తుడిస్తే అది ఉబ్బి, వారం రోజులైనా వాసన వదలలేదు. మా చెల్లెలి పది నెలల బిడ్డకు గుజ్జన్నం తినిపించే చెంచా కూడా బంక పట్టగా, అందులో విషమేదో ఊరుతున్నదని భయపడి అమ్మ దానిని పారవేసింది. ఆ చెంచా చెడినదో, దాని మీద నూనె మాత్రమే గట్టిపడినదో ఎవరమూ విచారించలేదు. రోగమొకటి, మందొకటి అయినది. రోగమేదో ముందు తెలుసుకోవడమే ఈ పాఠానికి ప్రయోజనం.

రబ్బరుకు పాత జబ్బు

అంటుకొనే గుణం రబ్బరుకు కొత్త కాదు. 1823లో చార్లెస్ మెకింతోష్ రబ్బరు పూత గల వానకోటుకు పేటెంటు పొందినాడు. అప్పటి రబ్బరు వస్తువులు చలికి పెళుసెక్కేవి, ఎండకు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుపోయేవి. 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఆ దోషం పోతుందని కనుగొన్నాడు. పొడవైన అణువుల గొలుసులను గంధకం అక్కడక్కడ ముడివేస్తుంది. ముడులు పడిన వల సాగుతుంది గాని కరిగి జారదు. ముడులు చాలకపోయినా, తరువాత తెగిపోయినా రబ్బరు మళ్లీ అంటుకుంటుంది. ఈ సూత్రం సిలికోన్‌కు కూడా వర్తిస్తుంది.

ఖరగ్‌పూర్‌లో రబ్బరును గురించి మాట్లాడడానికి మరొక కారణమున్నది. 1951లో హిజ్లీలో ప్రారంభమైన మన తొలి భారతీయ సాంకేతిక విద్యాసంస్థలో రబ్బరు సాంకేతిక విద్యకు ప్రత్యేక కేంద్రమున్నది. రబ్బరు ఎందుకు చెడుతుందో, ఎలా నిలుస్తుందో పరిశోధించే చోటికి కొద్ది దూరంలోనే మన వంటిళ్లు ఉన్నవి.

ఇసుక నుంచి అట్లకాడ వరకు

సిలికాన్, సిలికోన్ అనే రెండు మాటలను మనం తరచు ఒకటిగా వాడుతుంటాము. సిలికాన్ ఒక మూలకం; ఇసుకలో ఆక్సిజన్‌తో కలిసి ఉంటుంది. సిలికోన్ ఆ మూలకం నుంచి మనిషి తయారుచేసిన పదార్థాల కుటుంబం. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో ఫ్రెడరిక్ కిపింగ్ అనే రసాయన శాస్త్రవేత్త కీటోన్‌లతో పోలిక ఉన్నదని భావించి ఆ పేరు పెట్టినాడు. నాలుగు దశాబ్దాలు ఆ పరిశోధనలో గడిపిన ఆయనే, ఒక ప్రసంగంలో ఈ శాఖలో త్వరలో గొప్ప ప్రగతి ఉండగలదన్న ఆశ లేదన్నాడు. కొన్నేండ్లకే, 1940లో, అమెరికాలో యూజీన్ రోకో వీటిని పెద్ద ఎత్తున తయారుచేసే మార్గం కనిపెట్టినాడు. 1969లో చంద్రునిపై అడుగిడిన వ్యోమగాముల పైబూట్ల అడుగు భాగం సిలికోన్ రబ్బరుదే.

తయారీ క్రమం స్థూలంగా ఇది. ఇసుక నుంచి సిలికాన్‌ను వేరుచేస్తారు. దానిని రాగి ఉత్ప్రేరకంగా మిథైల్ క్లోరైడ్ వాయువుతో చర్య జరిపిస్తారు. వచ్చిన ద్రవాన్ని నీటితో కలిపితే సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తరువాత ఒకటిగా పేర్చుకొని పొడవైన గొలుసు ఏర్పడుతుంది. గొలుసుకు ఇరువైపులా మిథైల్ సమూహాలు వెలుపలికి నిలిచి ఉంటాయి. మెత్తని సిలికా పొడి కలిపి బలం చేకూర్చి, పెరాక్సైడ్ సహాయంతోగాని ప్లాటినం ఉత్ప్రేరకంతోగాని గొలుసులకు ముడులు వేస్తారు. అదే మన అట్లకాడ.

ఈ నిర్మాణంలోనే దాని గుణమూ దోషమూ రెండూ ఉన్నవి. సిలికాన్-ఆక్సిజన్ బంధం కార్బన్-కార్బన్ బంధం కంటె బలమైనది. అందుచేత మంచి సిలికోన్ 200 డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడిన వేడిని కూడా తట్టుకుంటుంది. కాని వెలుపలికి నిలిచిన మిథైల్ సమూహాలకు నీరు గిట్టదు, నూనె గిట్టుతుంది. నీటి తలతన్యత మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్‌లు. వంటనూనెలది 30 నుంచి 35 వరకు. సిలికోన్ ఉపరితలశక్తి 20కి కొంచెం పైన. దూరం ఎక్కువైన నీరు తామరాకు మీద వలె ముత్యాలై నిలుస్తుంది. దగ్గరైన నూనె పరచుకుంటుంది, కొంత లోపలికి కూడా ఇంకుతుంది.

ఈ లోపలి రాకపోకలకు మంచి ఉదాహరణ రైలు మార్గం మీదనే ఉన్నది. 25 వేల వోల్టుల విద్యుత్ తీగలను మోసే చోట్ల పింగాణీ ఇన్సులేటర్లతోపాటు సిలికోన్ తొడుగు గలవాటిని కూడా మన రైల్వేలు వాడుతున్నవి. వాటిపై దుమ్ము పేరుకున్నా నీరు పరచుకోదు. సిలికోన్‌లో ముడిపడక మిగిలిన చిన్న అణువులు మెల్లగా పైకి వచ్చి ఆ దుమ్మును కూడా తడవని పొరగా మార్చడమే దీనికి కారణం. తీగల వద్ద ఇది వరం. వంటింటిలో మాత్రం అట్టి చిన్న అణువులు మితిమీరి ఉంటే అది లోపం.

మూడు స్థితులు

సిలికోన్ అంటుకొంటున్నదని మనం చెప్పేదానిలో వాస్తవంగా మూడు వేర్వేరు స్థితులున్నవి.

మొదటిది జిడ్డు. ఇది ద్రవరూపంలోనే ఉన్న నూనె పొర. చన్నీటితో కడిగితే నీరు జారిపోయి నూనె నిలుస్తుంది. సబ్బు చాలకపోయినా, చాలినంత సేపు తాకకపోయినా ఇదే జరుగుతుంది. సబ్బు అణువుకు ఒక కొస నూనెను, మరొక కొస నీటిని పట్టుకొనే శక్తి ఉన్నది. కాని పని జరగడానికి వేడి, వ్యవధి కావాలి. కడిగిన తరువాత సబ్బునే సరిగా జాడించకపోతే అది కూడా ఎండి ఒక పొరగా మిగులుతుంది. అదీ చేతికి జిడ్డువలెనే తోస్తుంది.

రెండవది బంక. ఇది గట్టిపడిన నూనె. వంటింటి కిటికీ ఊచల మీద, పొయ్యికి ఎగువనున్న గోడ మీద, గాలి బయటికి పంపే ఫ్యాను రెక్కల మీద ఎర్రగా పేరుకొనే బంకను చూడని గృహిణి ఉండదు. అట్లకాడ మీది బంకా అదే. నూనెలలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు వేడికి, వెలుతురుకు, గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి ఒకదానితో ఒకటి ముడివేసుకుంటాయి. పలుచని నూనె ముందు చిక్కనై, తరువాత బంకై, చివరకు వార్నీషు వంటి పొర అవుతుంది. వర్క్‌షాపు రంగుల విభాగాలలో అవిసె నూనెను రంగులో కలపడం వెనుకనున్న సూత్రం ఇదే. అక్కడ నూనె ఎండడమే కావలసినది. వంటింటిలో అదే అనర్థం.

ఏ నూనె ఎంత త్వరగా ఇట్లు మారుతుందో సూచించే కొలత ఒకటున్నది. దానిని అయోడిన్ విలువ అంటారు. కొబ్బరి నూనెకు అది 10 లోపు. వేరుశెనగకు 85 నుంచి 99. ఆవనూనెకు 100కు అటూ ఇటూ. నువ్వుల నూనెకు 103 నుంచి 120. సోయా నూనెకు 120 నుంచి 141. అవిసె నూనెకు 170కి పైన. విలువ పెరిగిన కొద్దీ బంక కట్టే స్వభావం పెరుగుతుంది. బెంగాలీ వంటలో ఆవనూనెను పొగ వచ్చేదాకా కాచి ఘాటు తగ్గించడం ఆచారం. ఆ పొగలోని సూక్ష్మ తుంపరలు పొయ్యి పక్కన వ్రేలాడదీసిన పరికరాలపై వాలుతాయి. కాబట్టి వాడని అట్లకాడ కూడా బంక పట్టడం వింత కాదు. తెలుగింట పోపు వేళ ఎగసే తుంపరలు చేసే పనీ అదే. ఈ విషయంలో ఏ వంటింటికీ మినహాయింపు లేదు.

మూడవది పదార్థమే చెడడం. ఇది తక్కినవాటి కంటె అరుదు, కాని ముఖ్యమైనది. తయారీలో ముడులు చాలినన్ని పడకపోతే, చిన్న అణువులను వెళ్లగొట్టకపోతే వస్తువు మొదటి నుంచే అంటుకొనే గుణంతో, వాసనతో వస్తుంది. అందుకే శ్రద్ధగల తయారీదారులు అచ్చు వేసిన తరువాత 200 డిగ్రీల వద్ద కొన్ని గంటలు మళ్లీ కాలుస్తారు. ఆ వేడిలో 4 గంటలు ఉంచినప్పుడు ఆవిరయ్యే భాగం 0.5 శాతం మించరాదని జర్మనీ దేశపు ఆహార భద్రతా సిఫారసు నిర్దేశిస్తున్నది. మంచి వస్తువు కూడా దుర్వినియోగం వల్ల చెడవచ్చును. మంటకు తగిలినా, ఎర్రగా కాలిన పెనం అంచుపై ఆనించి ఉంచినా, దీర్ఘకాలం ఒత్తిడి గల ఆవిరిలో నలిగినా, గాఢ క్షారం తగిలినా గొలుసులు తెగుతాయి. అప్పుడు సిలికోన్ లోలోపలి నుంచే మెత్తబడి వేలిముద్ర పడే స్థితికి వస్తుంది. ప్రెషర్ కుక్కరు లోపల ఆవిరి సుమారు 120 డిగ్రీలకు చేరుతుంది. మూత రబ్బరు సిలికోన్‌దైనా, వేరొక రబ్బరుదైనా దానిని వినియోగవస్తువుగా ఎంచి కాలానుగుణంగా మార్చవలసినదే.

ఏ స్థితి అన్నది తెలుసుకొనే తీరు

వైద్యుడు నాడి చూచినట్లు ముందు పరీక్ష జరగాలి. పొడి తెల్ల కాగితంతో పరికరాన్ని గట్టిగా తుడవండి. కాగితంపై వెలుతురు కనిపించే నూనె మరక పడితే అది జిడ్డు. మరక పడక, కాగితపు నూగు పరికరానికి అంటుకుంటే అది బంకగాని పదార్థ దోషంగాని అయి ఉండాలి. ఈ రెంటిని వేరుచేయడానికి కింద చెప్పిన విధంగా సోడా నీటిలో మరిగించి, పూర్తిగా ఆరనిచ్చి చూడాలి. అంటు తగ్గితే అది బంక. రెండు మూడు మార్లు చేసినా మార్పు లేక, గోటితో నొక్కితే గుంట నిలిచినా, ముక్కలు రాలినా పదార్థమే చెడినదని నిశ్చయించవచ్చును. తెల్లని పొడివంటి పొర కనిపిస్తే అది నీటిలోని సున్నం. దానికి నిమ్మరసం చాలును. నిమ్మరసం సున్నాన్ని కరిగిస్తుందే గాని బంకను కదల్చలేదు.

మెలిపెట్టి చూసినప్పుడు తెల్లబడితే నాసిరకమని బజారులో చెప్పుకుంటారు. అది కలిపిన పొడి ఎక్కువన్న సూచన కావచ్చును గాని, దానినొక్కదానినే ప్రమాణంగా తీసుకోరాదు. వేడి నీటిలో వేసినప్పుడు వచ్చే ఘాటు వాసన అంతకంటె నమ్మదగిన హెచ్చరిక.

శుభ్రపరచే క్రమం

జిడ్డుకు వేడినీరు, గిన్నెలు తోమే ద్రవం చాలును. మొదట పొడి గుడ్డతో నూనెను తుడిచి, చేయి ఓర్చుకొనేంత వేడినీటిలో సబ్బు ద్రవం కలిపి 20 నిమిషాలు నాననివ్వాలి. తరువాత మెత్తని పీచుతో రుద్ది, వేడినీటితో రెండు మార్లు జాడించి, గాలికి ఆరబెట్టాలి.

బంకకు క్షారం కావాలి. స్టీలు గిన్నెలో లీటరు నీటికి ఒక పెద్ద చెంచా వంటసోడా చొప్పున కొద్దికొద్దిగా వేసి పరికరాన్ని 10 నిమిషాలు మరిగించండి. వంటసోడా చాలా మృదువైన క్షారం. నీరు మరిగే కొద్దీ అందులో కొంత భాగం బొగ్గుపులుసు వాయువును వదలి చాకలిసోడాగా మారుతుంది. అందువల్లనే మరిగించిన సోడా నీటికి చల్లని సోడా నీటి కంటె బలమెక్కువ. క్షారం గట్టిపడిన కొవ్వును కొద్దికొద్దిగా సబ్బుగా మార్చి వదిలిస్తుంది. అల్యూమినియం గిన్నె వాడరాదు. సోడాకు అది నల్లబడుతుంది. మరిగించలేని పెద్ద అచ్చులకు మూడు వంతుల సోడాను ఒక వంతు నీటితో ముద్దచేసి పూసి, అరగంట ఉంచి రుద్దవచ్చును. కర్ర పిడిగాని ప్లాస్టిక్ పిడిగాని ఉన్న పరికరాల తలభాగం ఊడదీయ వీలుంటేనే మరిగించాలి. పాతబడిన బంక ఒక్కనాడు పోదు. రెండు మూడు రోజులు ఓపిక పట్టవలసి ఉంటుంది.

పెద్దలు బూడిదతో తోమి పాత్రలను మెరిపించేవారు. కట్టెల బూడిదలో పొటాషియం కార్బనేటు అనే క్షారమున్నది గనుక ఆ పద్ధతి శాస్త్రీయమే. ఇత్తడికి, కంచుకు అది తగును. కాని మెత్తని సిలికోన్‌పై బూడిద, ఇటుకపొడి, ఇనుప పీచు గీతలు వేస్తాయి. ఆ గీతలలో తిరిగి నూనె దాగుతుంది. రేపటి బంకకు నేడే చోటు చేసినట్లవుతుంది. కాస్టిక్ సోడా అసలే తగదు. అది నూనెతోపాటు సిలికోన్ గొలుసులను కూడా తెంపగలదు. కిరసనాయిలు, పెట్రోలు సిలికోన్‌లోకి చొచ్చి ఉబ్బిస్తాయి. మా ఇంట జరిగినది ఇదే.

ముందుజాగ్రత్తలు

కొనేటప్పుడు ఆహారానికి తగినదన్న ముద్రను, తట్టుకొనే వేడి ఎంత అన్న వివరాన్ని చూడాలి. కొత్త వస్తువును సబ్బుతో కడిగి, ఒకమారు నీటిలో మరిగించి వాడడం మంచిది. పైకి వచ్చే చిన్న అణువులలో అధికభాగం తొలి వాడుకలలోనే పోతుంది. ఇట్టి అణువులలో వలయాకారం గల మూడింటిని ఐరోపా రసాయనాల సంస్థ 2018లో అత్యంత ఆందోళనకర పదార్థాల జాబితాలో చేర్చినది. అవి ప్రకృతిలో త్వరగా నశించకపోవడం, జీవుల దేహాలలో పేరుకోవడం అందుకు ముఖ్య కారణం. అధిక వేడి, కొవ్వు అధికంగా గల ఆహారం కలిసినప్పుడు అవి ఎక్కువగా వెలువడతాయి. కాబట్టి కాగే నూనెలో సిలికోన్ అట్లకాడను వదలివేయరాదు. పసిపిల్లల చెంచాలను నూనె గిన్నెలతో కలపక వేరుగా కడగాలి. వాటికి పదార్థ దోషం కనిపిస్తే సంశయించక మార్చాలి. కాని బంక పట్టినంత మాత్రాన విషమని భయపడనక్కరలేదు.

వాడిన వెంటనే, నూనె చల్లారి చిక్కబడక ముందే కడగడం అన్నిటికంటె సులభమైన ఉపాయం. పొయ్యి పక్కన వ్రేలాడదీయక మూత గల పెట్టెలోనో సొరుగులోనో ఉంచాలి. తడితో ఒకదానిపై ఒకటి పేర్చరాదు. కుక్కరు రబ్బరును ప్రతిసారి తీసి కడిగి ఆరబెట్టాలి. అచ్చులకు నూనె పూయవలసి వస్తే అతి పలుచగా పూసి, పిండి పడని అంచులలో నూనె మిగలకుండా తుడవాలి. అక్కడ మిగిలిన నూనెయే ముందుగా బంక అవుతుంది.

విద్యార్థులకు ఒక చిన్న ప్రయోగం

మూడు గాజు పలకలు తీసుకొని, ఒకదానిపై కొబ్బరి నూనె, రెండవదానిపై ఆవనూనె, మూడవదానిపై అవిసె నూనె ఒక్కొక్క చుక్క వేసి పలుచగా పూయండి. ఎండ తగిలే కిటికీలో ఉంచి, మూడు నాలుగు రోజులకొకమారు వేలితో తాకి, తెలిసినది పుస్తకంలో వ్రాయండి. అవిసె నూనె ముందుగా బంకయి పొరకడుతుంది. ఆవనూనె చాలా ఆలస్యంగా చిక్కబడుతుంది. కొబ్బరి నూనె జిడ్డుగానే ఉండిపోతుంది. తరువాత ఆ పలకలను మొదట చన్నీటితో, పిమ్మట సబ్బు నీటితో, చివరకు వేడి సోడా నీటితో కడిగి ఏ దశలో ఏది వదిలినదో గమనించండి. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి పడవేయరాదు. నూనె ఆక్సిజన్‌ను గ్రహించేటప్పుడు పుట్టే వేడి గుడ్డ మడతలలో చిక్కి దానంతట అదే అంటుకొనే ప్రమాదమున్నది. వర్క్‌షాపులలో నూనె గుడ్డలను మూత గల ఇనుప డబ్బాలలో వేసే రివాజు అందుకే. గుడ్డను సబ్బుతో ఉతికి విప్పి ఆరవేయండి.

ముగింపు

జిడ్డు నూనె సహజగుణం. అది సబ్బుకు లొంగుతుంది. బంక నూనె పొందిన మార్పు. అది వేడి సోడాకు, ఓపికకు లొంగుతుంది. పదార్థం చెడడం సిలికోన్ దోషం. దానికి మార్చడమొక్కటే మార్గం. మొదటిదానిని మూడవదిగా భ్రమిస్తే బాగున్న వస్తువు చెత్తలో చేరుతుంది. సిలికోన్ నేలలో త్వరగా శిథిలం కాదు గనుక ఆ చెత్త భారం ఊరంతటిదీ అవుతుంది. మూడవదానిని మొదటిదిగా భ్రమిస్తే చెడిన వస్తువు పసిబిడ్డ నోటికి చేరుతుంది. రెండు పొరపాట్లూ తగవు.

మా అమ్మ తన అట్లకాడను రెండు రోజులు సోడా నీటిలో మరిగించింది. మూడవ రోజు దానిని మాసీమా చేతిలో పెట్టి, “చొట్‌చొటే?” అని అడిగింది. ఆమె వేలితో రాచి చూసి, తల అడ్డంగా ఊపి, తెలుగులో “బంక లేదు” అన్నది. అనువాద ప్రతిలో ‘జిడ్డు’ అన్న మాటను కొట్టివేసి ‘బంక’ అని దిద్దుకున్నాను.